నట్టు మీద బొట్టు

మా ఆయన వీరభద్ర ఎదుట ఇంకొకరిని మెచ్చుకోకూడదు. మెచ్చుకుంటే ఆ పూట ఆయనకు అన్నం సయించదు. పక్కింటి బోరులో తియ్యటి నీళ్ళు పడ్డాయని ఎవరైనా అంటే మా ఇంటి నీళ్ళు చేదెక్కుతాయి. చిన్నప్పుడు పత్తికొండ పక్క పల్లెలో, వాళ్ళ అన్న రామాంజి తనకంటే ముందు సైకిలు తొక్కడం నేర్చుకున్నాడని చాన్నాళ్ళు అన్నతో మాటలే లేవట. పెళ్ళైన కొత్తలో మా అత్త ఈ సంగతి చెప్పి మురిసిపోయింది. తన కొడుకు అంత పట్టుదల గలవాడని ఆమె ఉద్దేశం. నాకు మాత్రం ఆ రోజే గుండెలో రాయి పడింది.

అలాగని నేనేదో శాంతమూర్తినని అనుకోకండి. ఆయనది ఒక రకం కుళ్ళు, నాది ఇంకో రకం. ఈ కథలో రెండూ ఉన్నాయి.

డోన్ నుంచి కర్నూలు పోయే దారిలో, ఊరి చివర మాది మోటారు సైకిళ్ళ రిపేరు షాపు. రేకుల కింద ముందర షాపు, వెనక ఇల్లు, రెండింటికీ మధ్య వసారాలో నా కుట్టు మిషను. అందుకే షాపులో జరిగేది ఏదీ నా కన్ను దాటిపోదు. జాకెట్టుకు హుక్కులు కుడుతూనే ఎవరి బండి వచ్చింది, ఎవరు విసుక్కుంటూ పోయారు, అన్నీ చెప్పగలను.

ఆయన పని నేర్చింది కర్నూల్లో, వలి సాహెబ్ అనే పెద్దాయన దగ్గర. చదువు అబ్బలేదని మా మామ కంబన్నే తీసుకెళ్ళి ఆ షాపులో దింపి వచ్చాడట. వలి సాహెబ్ ముందు నేర్పింది ఇంజను పని కాదు, చక్రం నట్టు బిగించడం. "ఇంజను చెడిపోతే బండి ఆగతాది, అంతే. చక్రం నట్టు ఊడితే మనిషి ఆగిపోతాడు బేటా" అనేవాడట. ఆయన నేర్పిన పద్ధతి ఒకటుంది. నట్టుకు పానా తగిలించి, చేతి బలం ఉన్నంతవరకు తిప్పి, ఆఖరున ఒళ్ళంతా పానా మీదికి వాల్చి "హూ" అనాలి. ఆ హూ దగ్గర నట్టు కిర్రుమని ఇంకొంచెం కదలాలి. అప్పటికి పని అయినట్టు.

ఆ "హూ" వసారాలో నాకు వినపడితే బండి తయారైందని గుర్తు. లేచి టీ పెట్టేదాన్ని. భార్యాభర్తల మధ్య ముద్దుమాటలు ఉంటాయంటారు. మాకున్నది ఆ హూ ఒక్కటే, నేను దానికే అలవాటు పడిపోయాను.

చుట్టుపక్కల పల్లెల్లో "వీరభద్ర బిగిస్తే బిగిసినట్టే" అనేవాళ్ళు. ఆయనకున్న ఆస్తి ఆ మాటే. పెళ్ళాం వెనక, పిల్లోడు ముందర, పక్కన ఎర్రగడ్డల మూట కట్టుకుని గుంతల దారుల్లో తిరిగేవాళ్ళు ఆ మాట నమ్మి బండెక్కేవాళ్ళు. ఎవరైనా ఆయన ముందు ఆ మాట అంటే విననట్టు ముఖం పక్కకు తిప్పుకునేవాడు. చెవులు మాత్రం ఎర్రబడేవి.

అలాంటి మా షాపుకు సరిగ్గా ఎదురుగా, రోడ్డు అవతల, స్తుతి వచ్చి దిగింది.

మైదుకూరు పిల్ల. తండ్రి ఏసేపుకు అక్కడ లారీ టైర్ల షాపు ఉంది, తను పానాలతో ఆడుకుంటూ పెరిగిన మనిషి. మొగుడు నెహెమ్యా బేతంచెర్ల నుంచి నాపరాళ్ళ లారీ తోలుతాడు. చీర మీద మగవాళ్ళ చొక్కా, జుట్టుకు పెద్ద క్లిప్పు, గోళ్ళకు ఎర్రరంగు. నవ్విందంటే రోడ్డు దాటి మా ఇంట్లో గిన్నెలు కదులుతాయి. ఆ నవ్వు నాకు మొదటి రోజే నచ్చలేదు. ఆడది మెకానిక్కు పని చేస్తుందని వింత చూడటానికి వచ్చినవాళ్ళు చూసి పోకుండా బండి కూడా అప్పజెప్పిపోతుంటే, మా ఆయనకు అసలే నచ్చలేదు.

ఆమె దగ్గర ఒక పద్ధతి ఉంది. చక్రం నట్టు బిగించాక చొక్కా జేబులోంచి గోళ్ళరంగు సీసా తీసి, నట్టు మీద మొదలుపెట్టి పక్కనున్న ఇనుము మీదికి ఒక గీత గీస్తుంది. "ఈ గీత అతుక్కోని ఉన్నంతసేపు నట్టు యాడికీ పోలేదు. గీత తెగి రెండు ముక్కలయిందంటే నట్టు తిరిగిందని. ఎక్కేముందర ఒకపారి వంగి చూసుకోండప్పా" అని బండి బండికీ చెబుతుంది. తండ్రి లారీ చక్రాలకు అలాగే గీసేవాడట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో ఆ వివరం రోడ్డు దాటి మా వైపు రాలేదు. మా ఊళ్ళో బండి మీద ఎర్రగా ఏది కనిపించినా బొట్టే. దసరాకు ఆయుధపూజ నాడు చక్రాలకు, హ్యాండిలుకు పెట్టేది అదే కదా. అందుకని స్తుతి గీతకు జనం పెట్టిన పేరు కూడా బొట్టు. ఆ మాట ఒక్కటి మా షాపుకు చేరింది.

చేరవేసింది రబ్బానీ. బండికి ఇటూ అటూ మూటలు కట్టుకుని పల్లెల్లో నైటీలు, దుప్పట్లు అమ్ముకునే మనిషి, మా పాత గిరాకీ. ఒకసారి మేము ఊళ్ళో లేనప్పుడు పంచరు పడి ఎదుటి షాపుకు పోయాడు. ఆ తర్వాత అక్కడికే పోవడం మొదలుపెట్టాడు. మా ఆయన ఊరుకోలేక ఒకరోజు దారిలో ఆపి అడిగాడు.

"ఏమప్పా రబ్బానీ, మా కాడికి రావడమే మానేసినావే. ఆడ ఏముండాది అంత?"

"ఏం లేదు భద్రన్నా. ఆయమ్మ నట్టుకు బొట్టు పెడతాంది. మనసుకు ధైర్యంగా ఉండాది."

"చర్చికి పొయ్యే ఆయమ్మ నొసలికి బొట్టు పెట్టుకోదు, నీ బండికి పెడతాందా? నువ్వు సాయిబువు, పెట్టిచ్చుకుంటాండావా?"

"బండికి మతం యాడిది భద్రన్నా!" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు రబ్బానీ.

ఆ రాత్రి మా ఆయన రొట్టె తుంచుతూ ఒకటే గొణుగుడు. "బొట్టు పెట్టేది మనకు తెలీదా? మన ఇండ్లల్లో పుట్టిన పద్ధతి అది. ఆయమ్మ వచ్చి మనకు నేర్పిచ్చాల్నా?" అని. పోయి ఆ బొట్టు ఏమిటో చూసి రావయ్యా అన్నాను. నా వైపు చూసిన చూపుకు రొట్టె మాడిపోవాలి. రోడ్డు దాటడమా, ఆయన?

మరుసటి రోజు సాయంత్రం బజారు నుంచి వస్తూ చిన్న పొట్లం తెచ్చాడు. విప్పితే ఎర్ర గోళ్ళరంగు. నాకు ముందు నమ్మకం కలగలేదు. పెళ్ళైనప్పటి నుంచి గాజులు కూడా నేనే కొనుక్కున్నదాన్ని. నవ్వు ఆపుకుంటూ, చేతులు కొంగుకు తుడుచుకుని వేళ్ళు చాపాను. ఆయన నా వేళ్ళకేసి చూశాడు. "నీకెందుకే ఇది? షాపుకు" అని సీసా తీసుకుని పోయాడు.

చాపిన చెయ్యి వెనక్కి తీసుకోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. ఏడవలేదు, కానీ ఆ రోజు కుట్టిన జాకెట్టు చంకలు పట్టేసి వెనక్కి వచ్చింది.

అప్పటి నుంచి మా షాపులో కూడా బొట్టు మొదలైంది. గీత కాదు, బొట్టు. గుండ్రంగా, నిండుగా, నట్టు నడినెత్తిన ఒక చుక్క. ఆయన పెట్టేటప్పుడు చూడాలి, పెళ్ళికూతురికి పెట్టినంత శ్రద్ధ. జనానికి నచ్చింది. ఎదుటి షాపులో బొట్టు పొడుగ్గా, వంకరగా ఉంటుంది, ఇక్కడ చక్కగా గుండ్రంగా ఉంటుంది అని కొందరు తిరిగొచ్చారు కూడా. మా ఆయన చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి.

అక్కడితో ఆయన కడుపు చల్లబడిందా అంటే, లేదు. చేతులు ఇక్కడ, కళ్ళు రోడ్డు అవతల. స్తుతి ఎన్ని బండ్లు చూసింది, టిఫినుకు ఎప్పుడు ఉగ్గాని తెప్పించుకుంది, క్లిప్పు ఎందుకు మార్చింది, అన్నీ ఆయనకు తెలుసు. "ఈ పొద్దు ఆయమ్మకు జలుబు చేసినట్టుండాది, నవ్వలేదు" అన్నాడొకసారి. నాకు పొద్దున్నుంచి జ్వరం, ఆ మాట విన్నప్పుడు కషాయం తాగుతున్నాను. ద్వేషంతోనే చూస్తున్నాడని నాకు తెలుసు. అయినా చూపు చూపే కదా. అంతసేపు నన్ను కోపంగా చూసినా నేను సంతోషపడేదాన్ని. నా కడుపు మంట ఎవరితో చెప్పుకోను? మొగుడు పరాయి ఆడదాన్ని మోహించాడంటే నలుగురూ జాలిపడతారు. పరాయి ఆడదాన్ని చూసి కుళ్ళుకుంటున్నాడంటే నవ్వుతారు.

ఒకరోజు రబ్బానీ దుప్పట్లు చూపించడానికి మా వసారా ముందు ఆగాడు. మూట విప్పబోతూ వంగి వెనక చక్రం చూశాడు, "అరెరే" అన్నాడు. ఏమైందన్నాను. నట్టు మీది ఎర్రగీత, పక్క ఇనుము మీది ఎర్రగీత ఒకదానికొకటి అతక్కుండా పక్కకు జరిగి ఉన్నాయి.

"చూడక్కా, గీత తెగింది. నట్టు తిరిగిందని లెక్క. పొద్దున గుంతలో పడి లేచినా గదా, అప్పుడు వదులైనట్టుండాది. నేను పొయ్యి బిగిచ్చుకోనొస్తా" అని మూట అక్కడే పెట్టి బండి తోసుకుంటూ రోడ్డు దాటాడు.

నేను మిషను దగ్గర అలాగే నిలబడిపోయాను. గీత తెగుతుంది. చుక్క ఎలా తెగుతుంది? నట్టుతో పాటే చుక్కా తిరుగుతుంది. నట్టు ఊడి రోడ్డు మీద పడినా మా ఆయన బొట్టు చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఆ పూటే చెప్పాను. అన్నం పెట్టి, నెమ్మదిగా, ఆయన పేరుకు మచ్చ రాకూడదనే చెప్పాను. ఆయన కంచం తోసేశాడు.

"నువ్వు గూడా ఆ పక్కకు పోయినావా?"

"పోలేదయ్యా. రబ్బానీ బండి చూసినా. ఆయమ్మది బొట్టు కాదు, గీత. నట్టు తిరిగిందీ లేందీ దాంట్లో కనపడతాది. నీ చుక్కలో ఏం కనపడతాది?"

"నేను బిగిచ్చినాననేది కనపడతాది. బిగిచ్చకుండా బొట్టు పెడతానా? వలి సాహెబ్ కాడ నేర్చినోన్ని నేను. ఆయమ్మకు చేతిలో బలం లేదు, అందుకే గీతలు కావాల."

ఇక చెప్పడం దండగ. ఆయనకు అదొక ముద్ర అయిపోయింది. చుక్క ఉంటే బిగించినట్టే. నాకు తోచిందేమంటే, తాను బిగించానా లేదా అని తెలుసుకోవడానికి ఆయన కూడా చుక్కనే చూసుకోవడం మొదలుపెట్టాడు.

కర్నూల్లో మా అక్క శివలీల మనవరాలికి పేరు పెడుతున్నారు, రమ్మని కబురొచ్చింది. దారి దూరం కదా అని ముందురోజు సాయంత్రం ఆయన మా బండికి వెనక కొత్త టైరు వేశాడు. నేను వసారాలో అక్క జాకెట్టుకు బొత్తాలు కుడుతున్నాను. చక్రం ఎక్కించాడు, నట్టు పెట్టాడు, పానా తగిలించాడు. సరిగ్గా అప్పుడే ఎదుటి షాపులో నలుగురు ఒక్కసారి గొల్లున నవ్వారు, అందరికంటే గట్టిగా స్తుతి. మా ఆయన తలెత్తి అటు చూశాడు, చాలాసేపు చూశాడు. తర్వాత పానా కింద పెట్టి, గోళ్ళరంగు తీసి గుండ్రంగా బొట్టు పెట్టాడు.

హూ వినపడలేదు.

"ఏమయ్యా, బిగిచ్చినావా?" అని కేకేశాను.

"బొట్టు కనపడల్యా?" అన్నాడు.

పొద్దున్నే బయలుదేరాం. ఎండ ఇంకా ముదరలేదు. హైవే ఎక్కాక గాలికి నా కొంగు ఎగురుతుంటే, ఆయన వీపు మీద చెయ్యేసి కూర్చుని, చాలా రోజుల తర్వాత ఆయన కళ్ళముందు ఆ షాపు లేదు కదా అని సంతోషపడ్డాను. వెల్దుర్తి దగ్గరికి వచ్చేసరికి నా కింద సీటు పక్కకు ఊగింది. గాలేమో అనుకున్నాను. మళ్ళీ ఊగింది. ఈసారి వెనక చక్రం ఒకవైపు లాగినట్టయి, గొలుసు టకటకమంది.

"ఆపు! చక్రం ఊగుతాంది!"

"లారీ గాలి లేవే."

"లారీ యాడుంది? ఆపుతావా, దూకమంటావా?"

అంత మాటకు ఆగాడు. పనిమంతుడే, కాదనను. బ్రేకు తొక్కలేదు. యాక్సిలరేటరు తగ్గించి, హ్యాండిలు గట్టిగా పట్టుకుని మెల్లగా తెల్లగీత అవతలికి, ఇంకా అవతల మట్టిలోకి తెచ్చి నిలబెట్టాడు. మేము దిగామో లేదో సిమెంటు లారీ ఒకటి మమ్మల్ని ఒరుసుకున్నట్టే పోయింది. ఇంకాస్త ముందు ఆ చక్రం పక్కకు పోయి ఉంటే మేమిద్దరం దాని కిందే.

ఆయన వంగి చూశాడు. ముఖంలో భయం పోయి తేటపడింది.

"చూడు, బొట్టు ఎట్లుండాదో అట్లే ఉండాది. ఊరికే భయపడి చస్తాండావు."

నేను సైలెన్సరు తగలకుండా పక్కగా కూర్చుని, రెండు వేళ్ళతో నట్టు పట్టుకుని తిప్పాను. తిరిగింది. సీసా మూత తిరిగినంత సులువుగా తిరిగింది. దాని నెత్తిన ఎర్రబొట్టు కూడా నా వేళ్ళతో పాటే, నిండుగా, అందంగా తిరిగింది.

ఆయన నా వేళ్ళకేసి చూస్తూ ఉండిపోయాడు. నోరు తెరిచి ఏదో అనబోయాడు. దెబ్బేమైనా తగిలిందా అంటాడనుకున్నాను. బతికిపోయాం యశోదా అంటాడనుకున్నాను.

"ఈ మాట ఆయమ్మకు తెలీకూడదు" అన్నాడు.

నాకు ఒళ్ళు తెలియలేదు. చావు పక్కనుంచి పోయిన నిమిషంలో కూడా ఆయన తలలో నేను లేను, ఆమే ఉంది. అక్కడే రోడ్డు పక్కన, పోయేవాళ్ళు తొంగి చూసేలా అరిచాను. అరిచి అరిచి ఆయాసం వచ్చాక ఒక్క ప్రశ్న మిగిలింది.

"ఊర్లో మన బొట్టు పెట్టుకోని తిరిగే బండ్లు ఎన్ని ఉండాయి?"

"అన్నీ బిగిచ్చే పెట్టినా."

"దీనికీ అట్లే చెప్పినావు. ఏ బండికి హూ అన్నావో, ఏ బండికి అన్లేదో చెప్పు. నీకు గ్యాపకం ఉందా?"

ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టబోయి ఆగిపోయాడు. నేనూ గుర్తు చేసుకున్నాను. ఈ మధ్య ఎన్నోసార్లు నాకు హూ వినపడకముందే బండి పోయింది. మిషను చప్పుడులో వినపడలేదేమో అనుకుని సరిపెట్టుకున్నాను.

ఆయన టూల్స్ సంచిలోంచి పానా తీసి నట్టు బిగించాడు. ఒళ్ళంతా వాల్చి హూ అన్నాడు. కిర్రుమంది. తర్వాత పానా తుడుస్తూ, నా ముఖం చూడకుండా అన్నాడు. "రేపు పోయినాక ఒక్కొక్కటీ వచ్చినప్పుడు మెల్లగా చూస్తా. ఎవరికీ చెప్పే పని లేదు."

"ఈ పొద్దు సంత. అందరూ పిల్లల్ని ఎక్కిచ్చుకోని మన రోడ్డు మిందే పోతారు. రేపటి దాకా చక్రాలు కాచుకోనుంటాయా? మన షాపుకు తాళమేసినాం. ఆడ ఎవరుండారు ఆపేదానికి?"

ఎవరున్నారో ఇద్దరికీ తెలుసు. వీరభద్ర బిగిస్తే బిగిసినట్టే అన్న మాట తప్ప ఆ మనిషికి ఇంకేం లేదు. అది పోతుంది. పోకూడదనుకుంటే ఎవరో ఒకరి బండి చక్రం పోతుంది. ఆ లెక్క ఆయన ముఖంలో నాకు కనపడుతూనే ఉంది. జాలి వేసింది. అయినా బండి ఎక్కలేదు. ఫోను ఇమ్మని చెయ్యి చాపాను.

"ఆయమ్మ నంబరు తెలీదే" అన్నాను.

"ఫోన్లో ఉండాది" అన్నాడు గొణుగుతూ. "బోర్డు మింద చూసి ఎక్కిచ్చుకున్నా. పేరు ఎదురు అని ఉంటాది."

నా నంబరు ఆ ఫోనులో "ఇల్లు" అని ఉంటుంది. దాని కిందే "ఎదురు". కానీ అది దెబ్బలాటకు సమయం కాదు. నేను నొక్కబోతుంటే ఆయన ఫోను లాక్కుని తనే చేశాడు. లారీల హోరులో వినపడదని స్పీకరు పెట్టాడు.

"ఎవురు?" అంది స్తుతి గొంతు, వెనకాల ఇంజను చప్పుడు.

"నేనమ్మా. ఎదురు షాపు వీరభద్రను."

అవతల ఇంజను ఆగింది. "ఏం వీరభద్రన్నా? ఏమైనాది?"

ఆయన మొత్తం చెప్పాడు. గుండ్రంగా బొట్టున్న బండి ఏది కనపడినా ఆపి వెనక నట్టు, ముందు నట్టు చూడమన్నాడు. ఆమె నవ్వుతుందని నేను పళ్ళు బిగించి కాచుకున్నాను. నవ్వలేదు.

"అట్లే అన్నా. పని పక్కన పెట్టి రోడ్డు మిందికి కుర్చీ ఏసుకుంటా. అయితే ఊరికే ఆపితే జనం కొట్లాటకొస్తారు గదా. ఏమని చెప్పమంటావు?"

ఆయన పెదవులు తడుపుకున్నాడు.

"వీరభద్ర బిగిచ్చినాడో లేదో వీరభద్రకే తెలీదంట అని చెప్పమ్మా. తప్పు నాదే, నన్ను మన్నిచ్చమన్నానని చెప్పు."

అంత మెత్తని గొంతు ఆయనకుందని నాకు తెలియదు. పెళ్ళైన నాటి నుంచి ఎన్ని తగాదాలు పడ్డామో, తప్పు నాదే అన్న మాట ఒక్కసారి ఆ నోట వస్తే చాలునని ఎన్నాళ్ళు కాచుకున్నానో నాకే తెలుసు. చివరికి ఆ మాట వచ్చింది, ఆయన చెప్పింది మాత్రం ఆమెకు.